వరస గెలుపుల లెక్క: క్విజ్ అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో కాలువ గట్టునున్న మా ఊరి గ్రంథాలయం అరుగు మీద ప్రతి ఆదివారం సాయంత్రం క్విజ్ ఆడుతుంటాం. ఆట గంటసేపు, ఆట మీద వాదన రెండు గంటలు. యూట్యూబులో అమెరికా వాళ్ళ టీవీ క్విజ్ 'జెపర్డీ' ముక్కలు చూడడం అలవాటయ్యాక మా వాదనలన్నీ ఒకే రేవుకి చేరుతున్నాయి: వరసగా 74 ఆటలు గెలిచిన కెన్ జెన్నింగ్స్ గొప్పవాడా, 32 ఆటల్లోనే ఇంచుమించు అంత డబ్బూ గెలిచిన జేమ్స్ హోల్జ్‌హావర్ గొప్పవాడా? రాజోలు కుర్రాళ్ళు ఒకవైపు, నరసాపురం నుంచి పంటు మీద గోదారి దాటి వచ్చేవాళ్ళు మరోవైపు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ మొదట్నుంచీ చెప్పుకొస్తుంటే ఆటకి పొద్దు చాలడం లేదు. అందుకని రాసి పెడుతున్నాను. నేనెవరి పక్షమో కూడా దాచను.

మేస్టారూ, ఇది మన కోటీశ్వరుడు ఆట లాంటిదేనా?

కాదండి. 2014లో మా టీవీలో నాగార్జున నడిపిన 'మీలో ఎవరు కోటీశ్వరుడు' అయినా, 2021లో జెమినిలో జూనియర్ ఎన్టీఆర్ నడిపిన 'ఎవరు మీలో కోటీశ్వరులు' అయినా, హాట్ సీట్లో కూర్చునేది ఒక్కరే. పోటీ ప్రశ్నతోనే గాని పక్కవాడితో కాదు. నాలుగు జవాబులు ఎదురుగా కనబడుతుంటాయి. భయమేస్తే అప్పటిదాకా వచ్చింది పుచ్చుకుని లేచిపోవచ్చు. లేచాక రేపు మళ్ళీ రమ్మని ఎవరూ పిలవరు. అందుకే అక్కడ వరస గెలుపు అన్న మాటే పుట్టదు.

జెపర్డీలో ముగ్గురు నిలబడతారు. రెండు దఫాలు, దఫాకి ఆరు అంశాలు, అంశానికి అయిదేసి ప్రశ్నలు. చివర్న ముగ్గురికీ కలిపి ఒకే ప్రశ్న, దాన్ని ఫైనల్ జెపర్డీ అంటారు. మొత్తం 61. ఆప్షన్లు ఉండవు. బజరు ముందు అందుకున్నవాడు చెప్పాలి, తప్పు చెబితే ఆ ప్రశ్న విలువంతా స్కోరులోంచి పోతుంది. ఆఖరి ప్రశ్నకి మాత్రం బజరు లేదు. అంశం పేరు చూసి, తన దగ్గరున్న దాంట్లో ఎంత పందెం కాస్తాడో ఎవరికి వారు రహస్యంగా రాసుకోవాలి. గెలిచినవాడు తర్వాతి ఆటలో మరో ఇద్దరు కొత్తవాళ్ళతో ఆడతాడు. ఓడేదాకా ఇదే తంతు.

అయితే 2004కి ముందు ఎవరూ ఎందుకు ఇన్ని గెలవలేదు? అప్పట్లో తెలివైనవాళ్ళు లేరా?

ఉన్నారు. నిబంధన ఒప్పుకోలేదు. అయిదు ఆటలు గెలిస్తే దండేసి సాగనంపేసేవారు. ఆ పరిమితి 2003 సెప్టెంబరులో ఎత్తేశారు. జెన్నింగ్స్ పరుగు మొదలైంది 2004 జూన్‌లో.

ఈ ఒక్క సంగతి మర్చిపోవడం వల్లే మా అరుగు మీద సగం వాదనలు పుడుతున్నాయి. బ్రాడ్ రట్టర్ అనే ఆయన 2000లో అయిదుకి అయిదు గెలిచి, ఓడకుండానే ఇంటికెళ్ళాడు. తర్వాత పాత విజేతల పోటీలకి పిలిచిన ప్రతిసారీ వచ్చి గెలిచాడు. 2020 దాకా మనిషన్నవాడి చేతిలో ఓడిపోలేదు. పట్టికలో మాత్రం ఆయన పేరు పక్కన 5 అనే ఉంటుంది. దాన్ని 74 పక్కన పెట్టి 'చూశారా' అనడం అన్యాయం. లాకుల దగ్గర ఆపేసిన పడవని చూసి, దీనికి సముద్రం దాకా వెళ్ళే సత్తా లేదనేస్తామా? నేను పట్టుబట్టేది ఇక్కడే: ఏ వరసనైనా అది సాగిన నాటి నిబంధనతో కలిపి చెప్పాలి. విడదీసి చెప్పిన అంకెతో వాదనకి దిగను.

పెద్ద వరసలు ఎవరెవరివి?

జెన్నింగ్స్ 74 (2004). ఎమీ ష్నైడర్ 40 (2021లో మొదలై 2022 జనవరిలో ఆగింది). మ్యాట్ అమోడియో 38 (2021). హోల్జ్‌హావర్ 32 (2019). కెనడా నుంచి వచ్చిన మాటియా రోచ్ 23 (2022). చూడండి, ఒక్క ఏడాది వ్యవధిలో ముగ్గురు. దీన్ని చూసి 'ఆట తేలికైపోయింది' అని తీర్పిచ్చేసేవాళ్ళున్నారు. పాత ఆటలు నెట్లో చూసి నెలల తరబడి సాధన చేసే వీలు 2004 నాటికి ఇంతగా లేదు. కానీ ఆ వీలు ఆటలో నిలబడే ముగ్గురికీ ఉంటుంది, విజేత ఒక్కడికే కాదు. కాబట్టి నాకు ఆ తీర్పు మీద నమ్మకం కుదరలేదు.

తేల్చి చెప్పండి. జెన్నింగ్సా, హోల్జ్‌హావరా?

ముందు డబ్బు. జెన్నింగ్స్ 74 గెలుపుల మీద 25,20,700 డాలర్లు. హోల్జ్‌హావర్ 32 గెలుపుల మీద 24,62,216. తేడా 58,484. అంటే హోల్జ్‌హావర్ ఇంకొక్క ఆట తన మామూలు పద్ధతిలో గెలిచుంటే దాటేసేవాడు. సగటున ఆటకి జెన్నింగ్స్‌కి 34 వేలు, హోల్జ్‌హావర్‌కి దాదాపు 77 వేలు. ఈ 77 వేలన్న అంకె దగ్గర కాసేపు ఆగండి. హోల్జ్‌హావర్ రాకముందు ఒక్క ఆటలో ఎవరైనా గెలిచిన అత్యధికం 77,000. రోజర్ క్రెయిగ్ 2010లో కొట్టింది. ఇంకెవరికో జన్మకో శివరాత్రిగా పడ్డ రోజు, ఈయనకి రోజువారీ సగటైపోయింది. 2019 ఏప్రిల్ 17న ప్రసారమైన ఆటలో 1,31,127 కొట్టాడు.

ఎలా? చాలామంది తేలిక ప్రశ్నలతో పైనుంచి మొదలెడతారు. ఈయన అడుగునున్న ఖరీదైన ప్రశ్నలు ముందు తీసుకుంటాడు. చేతిలో కొంత పోగవగానే డైలీ డబుల్ కోసం వెతుకుతాడు. అది బోర్డులో ఎక్కడో దాగున్న ప్రశ్న. మొదటి దఫాలో ఒకటి, రెండో దఫాలో రెండు. దొరికినవాడికి బజరు పోటీ లేదు, ఉన్నదంతా పందెం కాయొచ్చు. చాలామంది దొరికినా భయపడి వెయ్యో రెండువేలో కాస్తారు. ఈయన ఎన్నోసార్లు ఉన్నదంతా పెట్టేశాడు. లాస్ వేగాస్‌లో క్రీడా పందేలే ఆయన వృత్తి. పోతే పోతుందన్న లెక్క ఆయనకి కొత్త కాదు.

నరసాపురం బృందం ఇక్కడ చప్పట్లు కొడుతుంది. నేనూ కొడతాను. ఆట ఎలా ఆడాలో ఆయన తర్వాత వచ్చినవాళ్ళందరికీ నేర్పాడు. కానీ అడిగింది వరస గురించి గనక, నా ఓటు జెన్నింగ్స్‌కే. ఎక్కువ రాబట్టడం ఒక విద్య. ఎప్పుడూ జారకుండా ఉండడం మరో విద్య. వరస అనే మాట రెండోదాన్నే కొలుస్తుంది.

2020 జనవరిలో జెన్నింగ్స్, హోల్జ్‌హావర్, రట్టర్‌లని ముగ్గురినీ ఎదురెదురుగా నిలబెట్టారు. ముందు మూడు పోటీలు గెలిచినవాడికి పది లక్షల డాలర్లు. జెన్నింగ్స్ మూడు, హోల్జ్‌హావర్ ఒకటి, రట్టర్ సున్నా. మా రాజోలు కుర్రాళ్ళు దీనితో కథ ముగిసిందంటారు. నాకైతే అంత సాక్ష్యం కనబడదు. నాలుగు పోటీలు చాలా చిన్న కొలత, పైగా జెన్నింగ్స్ అక్కడ గెలిచింది హోల్జ్‌హావర్ లాగే పెద్ద పందేలు కాసి.

74 గెలవడం ఎంత కష్టమో లెక్క కట్టగలమా?

ఉజ్జాయింపుగా కట్టొచ్చు. ఇంటర్ పిల్లలకి సంభావ్యత చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఒక ఆటగాడు ఒక ఆట గెలిచే అవకాశం 100కి 90 అనుకోండి. ఎంతో గొప్పవాడే. అయినా వరసగా 74 గెలిచే అవకాశం పదివేలకి నాలుగు. 90ని 95 చేయండి: 100కి రెండు పైచిలుకు. 98 చేయండి: 100కి 22. అంటే ప్రతి ఆటలోనూ 'ఇతను ఓడడు' అని కళ్ళు మూసుకుని చెప్పగలిగినవాడికి కూడా, 74 దాటడం అయిదింట ఒకసారి జరిగే పని. ఇప్పుడు అదే 95 మనిషికి 32 గెలుపుల అవకాశం చూడండి: 100కి 19. అందుకే 74కీ 32కీ మధ్య దూరాన్ని రెట్టింపు చిల్లర అనుకోకండి. ఈ లెక్క మీద కనీసం ఎనిమిది రెట్ల దూరం.

నిజం ఆటలో అవకాశం రోజుకో తీరుగా మారుతుంది, ఎదుటివాళ్ళు మారతారు, అంశాలు మారతాయి. అయినా అంచనాకి ఇది చాలు. 90కీ 98కీ తేడా ఒక్క ఆట చూసి ఎవరూ పట్టలేరు. వరస మీదే తెలుస్తుంది.

అంతా బజరు మహిమేనటగా?

అంతా కాదు, కానీ మీరనుకునేదానికంటే ఎక్కువ. ముగ్గురూ పరీక్షలు నెగ్గి వచ్చినవాళ్ళే. చాలా ప్రశ్నలకి ముగ్గురికీ జవాబు తెలుసు. తేల్చేది బొటనవేలు.

అక్కడి ఏర్పాటు ఇది. ప్రశ్న చదవడం పూర్తవగానే ఒక ఉద్యోగి మీట నొక్కుతాడు, బోర్డు చుట్టూ దీపాలు వెలుగుతాయి, అప్పుడే బజర్లు పనిచేస్తాయి. తొందరపడి ముందే నొక్కితే పావు సెకను పాటు మీ బజరు మూగబోతుంది. పావు సెకనేగా అనకండి, ఆ లోపు పక్కవాడు నొక్కేస్తాడు. మరి దీపం చూసి నొక్కితే? అప్పటికే ఆలస్యం. చదివేవారి గొంతు ఎక్కడ దిగుతుందో పసిగట్టి, దీపంతో పాటు నొక్కాలి. గోలీలాటలో వేలి దెబ్బ లాంటిది, పుస్తకంలో దొరకదు.

ఇక్కడే విజేతకి పైచేయి ఉంది. ఒకే రోజు అయిదు ఆటలు చిత్రీకరిస్తారు. పది ఆటలు ఆడినవాడికి ఆ మీట, ఆ గొంతు, ఆ దీపాలు సొంతింటి సామాన్లు. కొత్తగా వచ్చినవాడు అప్పుడే స్టేజీ ఎక్కి వణుకుతుంటాడు. అందుకే నా అంచనాలో మొదటి అయిదు గెలుపులే కష్టం, తర్వాత కొంతకాలం దారి తేలికవుతుంది, ఇరవై ముప్ఫై దాటాక మళ్ళీ అలసట కాచుకుని ఉంటుంది.

మా దగ్గర కాలింగ్ బెల్ స్విచ్చులూ, మూడు రంగుల బల్బులూ కలిపి ఒక ఎలక్ట్రీషియన్ తమ్ముడు చేసిచ్చిన చెక్క బోర్డుంది. ముందు నొక్కితే మూగబోయే ఏర్పాటు అందులో లేదు. దాంతో ప్రశ్న సగంలోనే టక్కుమని నొక్కేసి, తర్వాత ఆలోచించేవాళ్ళు గెలిచేవారు. 'చదవడం పూర్తయ్యేదాకా నొక్కకూడదు' అని నిబంధన పెట్టిన వారమే గెలిచేవాళ్ళు మారిపోయారు. మనుషులు వాళ్ళే, చదువు అదే.

'లాకు పడింది' అంటారు మీరు. ఏంటది?

ఆఖరి ప్రశ్నకి ముందు మొదటివాడి స్కోరు రెండోవాడి స్కోరుకి రెట్టింపు దాటిందంటే, రెండోవాడు ఉన్నదంతా పందెం కాసి గెలిచినా అందుకోలేడు. అమెరికా అభిమానులు దీన్ని లాక్ అంటారు. ధవళేశ్వరం లాకులు చూసి పెరిగినవాళ్ళం, మాకు ఆ మాట వేరే నేర్పక్కర్లేదు. తలుపులు పడ్డాక వెనక పడవ వెనకే. పెద్ద వరసల రహస్యం చాలావరకు ఇదే: ఆఖరి ప్రశ్న దాకా ఆటని రానివ్వకపోవడం.

హోల్జ్‌హావర్ కావాలనే ఓడిపోయాడని ఒక మాట ఉంది. నిజమా?

కాదు. ఈ నింద విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. పందెపు లెక్క ఒక్కసారి కాగితం మీద వేస్తే తేలిపోయే సంగతిది. వేద్దాం.

2019 జూన్ 3న ప్రసారమైన ఆట. ఆఖరి ప్రశ్నకి ముందు ఎమ్మా బెట్చర్ దగ్గర 26,600, హోల్జ్‌హావర్ దగ్గర 23,400, మూడో ఆటగాడి దగ్గర 11,000. హోల్జ్‌హావర్ కాసిన పందెం 1,399. అంతలేసి పందేలు కాసే మనిషి ఇంత చిల్లర కాశాడేంటని అనుమానం.

ఇప్పుడు ఎమ్మా వైపు నుంచి చూడండి. హోల్జ్‌హావర్ అంతా కాసి గెలిస్తే 46,800 అవుతుంది. దాన్ని ఒక్క డాలరుతో దాటాలంటే ఆమె 20,201 కాయాలి. సరిగ్గా అంతే కాసింది. అలా కాసి ఆమె జవాబు సరిగా చెబితే, హోల్జ్‌హావర్ ఎంత కాసినా ఓడినట్టే. కాబట్టి ఆయన గెలవాలంటే ఆమె తప్పు చెప్పడం ఒక్కటే దారి. ఆమె తప్పు చెబితే 6,399కి పడిపోతుంది. అప్పుడాయనకి మిగిలే గండం మూడో ఆటగాడు. అతను రెట్టింపు చేస్తే 22,000. 23,400లోంచి 1,399 పోతే ఎంత? 22,001. తాను తప్పు చెప్పినా అతని కంటే ఒక్క డాలరు పైనే ఉంటాడు!

ఓడిపోదామనుకున్నవాడు ఇంత సూక్ష్మంగా కాయడు. ఆయన జవాబు కూడా సరిగానే చెప్పాడు. ఆమె కూడా సరిగా చెప్పింది, 46,801తో గెలిచింది. అప్పట్లో షికాగో విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్ ఆమె. పీజీలో చేసిన పరిశోధన ఏమిటో తెలుసా? జెపర్డీ ప్రశ్నల కష్టాన్ని ముందుగా అంచనా వేయొచ్చా అని. గ్రంథాలయం అరుగు మీద ఆడేవాళ్ళం, ఆమెని తల్చుకోకుండా మాకు ఆదివారం గడవదు.

మరి జెన్నింగ్స్ ఎలా ఓడాడు?

2004 నవంబరు 30. ఆ రోజు రెండో దఫాలో రెండు డైలీ డబుళ్ళూ ఆయనకే దొరికాయి, రెండూ తప్పాడు. దాంతో లాకు పడలేదు. ఆయనకి 14,400, నాన్సీ జెర్గ్‌కి 10,000. ఆఖరి ప్రశ్న: ఏ సంస్థలో 70,000 మంది సీజనల్ ఆఫీసు ఉద్యోగుల్లో చాలామంది ఏడాదికి నాలుగు నెలలే పనిచేస్తారు? ఆదాయ పన్ను లెక్కలు వేసిపెట్టే హెచ్ అండ్ ఆర్ బ్లాక్. జెర్గ్ చెప్పింది. జెన్నింగ్స్ ఫెడెక్స్ అన్నాడు. 14,401కి 8,799. చూడండి, ఆమె పందెం కూడా ఒక్క డాలరు మీదే నిలబడింది.

ఓడించినవాళ్ళు పెద్ద విజేతలయ్యారా?

జెర్గ్ తర్వాతి ఆటలోనే ఓడిపోయింది. ఎమ్మా మూడు గెలిచింది. వరసని ఆపడానికి ఒక్క మంచి రోజు చాలు.

అదృష్టం వాటా ఎంత?

ఏ అంశాలు పడతాయన్న దాంట్లో చాలా ఉంది. ఎమీ ష్నైడర్ 40 గెలిచాక ఆగిపోయిన ప్రశ్న వినండి: ఇంగ్లీషులో రాస్తే 'హెచ్' అక్షరంతో ముగిసే ఏకైక దేశం, జనాభాలో మొదటి పదింటిలో ఒకటి. బంగ్లాదేశ్. ఆమె ఏమీ రాయలేకపోయింది. మా ఎనిమిదో తరగతి పిల్ల వీడియో ఆపకముందే చెప్పేసింది. దానర్థం మా పిల్ల ఆమెని మించిందని కాదు. మనకది పొరుగు దేశం, అంతే.

తిరగేసి చూడండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎన్ని లక్షల క్యూసెక్కులకి ఇస్తారంటే, లంకల్లో పుట్టిన ప్రతి బిడ్డా పది అంటుంది. రెండోది 13, మూడోది 17. వరదల్లో సామాన్లు అటకెక్కించిన ఇళ్ళలో అది జనరల్ నాలెడ్జి కాదు, బతుకు. అదే ప్రశ్న జెన్నింగ్స్‌ని అడిగితే? అందుకే 74 ఆటల పాటు ఏ అంశం పడినా తట్టుకోవడమంటే, ఎన్నో ఊళ్ళ బతుకులు పుస్తకాల్లోంచి తెచ్చుకుని దాచుకోవడం.

జవాబులు ముందే చెప్పేస్తారేమో?

ఒకప్పుడు చెప్పారు, ఇంకో ఆటలో. 1956లో 'ట్వంటీ వన్' అనే కార్యక్రమంలో నిర్మాతలు చార్లెస్ వాన్ డోరెన్‌కి జవాబులు ముందే అందించారు, హెర్బర్ట్ స్టెంపెల్‌ని తెలిసిన జవాబే తప్పు చెప్పి ఓడిపొమ్మన్నారు. 1959లో వాన్ డోరెన్ అమెరికా కాంగ్రెసు సంఘం ముందు ఒప్పుకున్నాడు. 1960లో ఇలాంటి మోసాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు. పెద్ద వరస కనబడగానే అనుమానించే అలవాటు అక్కణ్ణుంచే వచ్చింది. అడగడం తప్పు కాదు. ఆధారం లేకుండా అంటించడం తప్పు.

కంప్యూటర్‌తో ఆడితే?

ఆడారు, 2011లో. ఐబీఎం వాట్సన్ 77,147, జెన్నింగ్స్ 24,000, రట్టర్ 21,600. యంత్రానికి బజరు దగ్గర వణుకు ఉండదు.

ఒకరే గెలుస్తుంటే విసుగు కదండీ? పరిమితి పెట్టాలి కదా?

బ్రిటన్ వాళ్ళ 'కౌంట్‌డౌన్' లో ఎనిమిది గెలిస్తే గౌరవంగా పంపించేస్తారు, తర్వాత ఫైనల్స్‌కి పిలుస్తారు. అదీ ఒక పద్ధతే. దానివల్ల ఎక్కువమందికి అవకాశం వస్తుంది. ఆ వాదనలో బలం లేదనను. ఎందుకంటే నేనూ అదే వాదించినవాణ్ణి.

మా అరుగు మీద మూడు వారాల నిబంధన నేనే పెట్టాను. మూడు ఆదివారాలు వరసగా గెలిస్తే నాలుగోవారం నుంచి ప్రశ్నలు చదవాలి గాని ఆడకూడదు. మొదట్లో బాగానే ఉంది. రెండేళ్ళ క్రితం ఒక ఇంటర్ అమ్మాయి, వాళ్ళ నాన్న కొబ్బరి దింపు పని చేస్తారు, మూడూ గెలిచింది. నాలుగోవారం కాగితాలు ఆమె చేతికిచ్చాను. బాగా చదివింది. ఆట అయ్యాక వచ్చి, 'మేస్టారూ, నేను ఓడిపోలేదు కదండీ' అంది. అంతే అంది. రట్టర్ గురించి గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ తర్వాతి వారం నిబంధన తీసేశాను. ఒకరిద్దరు పెద్దలు కోప్పడ్డారు, మిగతా పిల్లలు మానేస్తారన్నారు. మానలేదు. ఆమెని ఓడించాలని ఇదివరకు రానివాళ్ళు కూడా ముమ్మిడివరం నుంచి సైకిళ్ళేసుకుని వచ్చారు. ఆమె మొదటి వరస ఏడు దగ్గర ఆగింది. ఇప్పుడు నడుస్తున్నది పదకొండు. పన్నెండో ఆట ఈ ఆదివారం సాయంత్రం అయిదింటికి. కరెంటు ఉంటే బజర్లతో, లేకపోతే చేతులెత్తి.